గెజెట్‌లో వంద, గుంజ మీద ఎనభై

రహదారుల ఇంజినీర్లకు, రవాణా, పోలీసు శాఖల అధికారులకు, రహదారి భద్రతా కమిటీల్లో కూర్చునే పెద్దలకు నమస్కారం.

నేను అనంతపురంలో ఉంటాను. కర్నూలులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. సోమవారం తెల్లవారుజామున కారులో వెళ్లి, గురువారం తిరిగొస్తాను. పదకొండేళ్లుగా ఇదే దారి, ఇదే వరస. పామిడి దగ్గర పెన్న వంతెన, ఆ తర్వాత గుత్తి కోట, డోన్, వెల్దుర్తి. కళ్లు మూసుకున్నా ఏ మలుపు తర్వాత ఏ ఢాబా వస్తుందో చెప్పగలను. స్టీరింగు దగ్గర కూర్చుని కళ్లు మూసుకోననుకోండి.

మా ఇంటి చుట్టుపక్కల పెద్దవాళ్లు దీన్ని ఇప్పటికీ ఏడో నంబరు రోడ్డనే అంటారు. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చినప్పుడు ఇది 44 అయింది. అయినా దారి పొడవునా టైర్ల షాపుల మీద, మెకానిక్ షెడ్ల మీద పాత నంబరు ఇంకా కనిపిస్తుంది. జనానికి అలవాటు తొందరగా పోదు, వాళ్లను తప్పుపట్టను. మీరు అలా కాదు. మీ దగ్గర గెజెట్ ఉంది, బడ్జెట్ ఉంది, నిచ్చెన కూడా ఉంది.

నిచ్చెన మాట ఎందుకు ఎత్తానో చెబుతాను. నేను తిరిగొచ్చే వైపు ఒక వేగ పరిమితి బోర్డు ఉంది. ఏ ఊరి దగ్గరో రాయను. రాస్తే రేపే మనిషిని పంపి ఆ ఒక్కదాన్నీ మార్చి, ఫిర్యాదు పరిష్కరించామని నాకు ఉత్తరం పంపుతారు. ఎర్రటి వలయం ఎండకు వెలిసి ఇటుక రంగుకు వచ్చింది. లోపల మొదట 80 ఉండేది. ఎప్పుడో ఎవరో దాని మీద 100 అని స్టిక్కరు అతికించారు. మా వైపు ఎండలు మీకు తెలియనివి కావు. ఆ జిగురు రెండు వేసవులు కూడా ఆగలేదు. స్టిక్కరు కుడివైపు చిరిగి ఎగిరిపోయింది. ఒకటీ, ఒక సున్నా మిగిలాయి. చిరిగిన చోట పాత ఎనభైలోని సున్నా బయటపడింది. కొత్త 10 పక్కన పాత 0. కలిపి చదివితే వందే! కొత్త ఉత్తర్వు కొంత, పాత రేకు కొంత చందాలు వేసుకుని పని నడిపిస్తున్నాయి.

రాత్రిపూట మాత్రం ఆ చందా చెల్లదు. పాత రేకుకు రేడియం మెరుపు ఉంది, స్టిక్కరుకు లేదు. హెడ్‌లైటు పడగానే స్టిక్కరు ఉన్నంత మేర చీకటి, పక్కన సున్నా ఒక్కటే కనిపిస్తుంది. గంటకు సున్నా కిలోమీటర్లు.

అక్కడికి నాలుగు కిలోమీటర్ల అవతల మరో బోర్డు నిక్షేపంగా ఉంది. దాని మీద 80. ఆ రెంటికీ మధ్య ఊరు లేదు, వంతెన లేదు, మలుపు లేదు. అటూ ఇటూ కంది చేలు. ఈ నాలుగు కిలోమీటర్లలో రోడ్డుకు ఏమైందని ఇరవై తగ్గాలో నాకు అర్థం కాలేదు.

చట్టం ఏమంటుందో మీకు చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. అయినా చదివేవాళ్ల కోసం రాస్తున్నాను. 2018 ఏప్రిల్‌లో కేంద్రం కొత్త గరిష్ఠ వేగాలు ప్రకటించింది. డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కారుకు 100, బస్సుకు 90, సరుకు లారీకి, మోటారు సైకిలుకు 80, ఆటోకు 50. ఎక్స్‌ప్రెస్‌వే మీద కారుకు 120. పట్టణ హద్దుల్లోనూ మిగతా రోడ్ల మీదా కారుకు 70. ఐదు శాతం వరకు మించినా నేరం కాదన్న వెసులుబాటు కూడా అందులోనే ఉంది. ఇవన్నీ గరిష్ఠాలు. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ ప్రకారం రాష్ట్రం గానీ, రాష్ట్రం అధికారమిచ్చినవారు గానీ ప్రజల భద్రత కోసమో, రోడ్డు తీరునో వంతెన తీరునో బట్టో అంతకన్నా తగ్గించవచ్చు. తగ్గించాలంటే గెజెట్‌లో ప్రకటించాలి, తగినచోట బోర్డూ పాతాలి. రెండూ ఉంటేనే ఆ పరిమితికి ప్రాణం.

మరి ఆ ఎనభై ఎవరు తగ్గించిన ఎనభై? లేక ఎవరూ మార్చని ఎనభైయా?

ఈ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు. ఒక గురువారం మధ్యాహ్నం పూట వస్తుంటే ఫోనుకు చలానా వచ్చింది. నా వేగం 91, అక్కడి పరిమితి 80 అని. చలానా కట్టడానికి ముందు కనుక్కుందామని ఒక కార్యాలయానికి వెళ్లాను. పేరు రాయను. అక్కడి అధికారి మర్యాదస్తులు, కుర్చీ వేయించి టీ తెప్పించారు. ‘బోర్డు మీద ఎనభై ఉంది కదండీ’ అన్నారు. ‘ఉంది సార్, ఎందుకుందని అడుగుతున్నాను’ అన్నాను. ‘మొదటి నుంచీ ఉంది’ అన్నారు. మరో కార్యాలయంలో ‘కెమెరా మాది, బోర్డు మాది కాదు’ అన్నారు. మూడో చోట ‘బోర్డు మాదే, దాని మీది అంకె మాది కాదు’ అన్నారు. ఈ మూడో జవాబు విన్నాక నాకు ఇక అడగాలనిపించలేదు. వెయ్యి రూపాయలు కట్టేశాను. ఆ మూడు చోట్లకు తిరిగిన పెట్రోలు ఖర్చు వేరు.

వెయ్యి పోతే పోయింది, బోర్డు మీద నమ్మకం పోతోంది. ఇదే దారిలో ఊళ్లు వచ్చేచోట 50 అని రాసిన బోర్డులున్నాయి. అవి నూటికి నూరుపాళ్లు కావలసినవి. డివైడర్ మధ్య సందు, ఇవతల ఊరు, అవతల బడి. పొద్దున పుస్తకాల సంచులు దాటుతాయి, సాయంత్రం గొర్రెల మందలు దాటుతాయి. కాపరి చెయ్యెత్తి నిలబడితే మంద సగం ఇటు, సగం అటు. అక్కడ నిజంగా నెమ్మదించాలి. కానీ పిట్ట మనిషి లేని చేల మధ్య 80 బోర్డును రోజూ లెక్కచేయకుండా దాటిపోయేవాడి కాలు, ఈ 50 దగ్గర మాత్రం బ్రేకు మీదికి ఎందుకు వెళ్తుంది? రెండూ గుండ్రటివే, రెంటికీ ఎర్ర అంచే. నాన్నా పులి అని ఊరికే అరిచిన చోట, పులి వచ్చిన రోజున ఎవరూ పరుగెత్తుకు రారు.

వెల్దుర్తి దాటాక ఒక టీ కొట్టు దగ్గర చీనీ కాయల లోడుతో వెళ్తున్న లారీ డ్రైవరుతో మాట కలిసింది. ‘అన్నా, వేగం బోర్డులు చూస్తారా?’ అని అడిగాను. ‘ఊరి పేర్ల బోర్డులు చూస్తాను సార్. అంకెల బోర్డులన్నీ పాటించాలంటే ఒక్కో బోర్డుకు ఒక్కో బండి కావాలి’ అన్నాడు. నవ్వాను. కారెక్కాక నవ్వు రాలేదు.

ఇక్కడ నా వృత్తి అడ్డొస్తుంది, భరించండి. గంటకు 80 అంటే సెకనుకు 22 మీటర్లు. 100 అంటే దాదాపు 28. ఎదుట ఏదో కనబడి, అదేమిటో బుర్రకెక్కి, కాలు బ్రేకును చేరడానికి ఒకటిన్నర సెకను అనుకుందాం. పొడి తారు, మంచి టైర్లు, మంచి బ్రేకులు ఉంటే 80లో వచ్చే కారు దాదాపు 69 మీటర్లలో ఆగుతుంది. 100లో వచ్చేది ఆగడానికి 97 మీటర్లు కావాలి. వేగం పాతిక శాతం పెరిగితే బ్రేకు వేశాక జారే దూరం 56 శాతం పెరుగుతుంది. గతిజ శక్తి వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని ఏటా నల్లబల్ల మీద రాస్తాను. పిల్లలు ఏటా దాన్ని బట్టీ పట్టి, మార్కులు తెచ్చుకుని, బైకెక్కగానే మరిచిపోతారు. రెండు అంకెల మధ్య తేడా 28 మీటర్లు. రెండు ఆర్టీసీ బస్సులను ముందూ వెనకా నిలబెడితే ఇంకా కాస్త మిగులుతుంది.

ఇంత తెలిసి వంద కావాలని ఎలా అడుగుతున్నావని మీరు అనవచ్చు. నేను అడగలేదు. ఇచ్చింది మీరు. వంద ఇచ్చినప్పుడు ఆ 28 మీటర్ల ఖాళీ రోడ్డు కూడా ఇవ్వాలి.

తారు వందకు సిద్ధమే. మైదాన ప్రాంతంలో నాలుగు వరుసల రహదారికి 100 డిజైన్ వేగంగా తీసుకోవాలని మన దేశపు రోడ్ల మాన్యువలే చెబుతుంది. మా దారిలో వంపులు తక్కువ, చూపు చాలా దూరం పోతుంది. సిద్ధంగా లేనిదల్లా తారు పక్కన ఉన్నది. సర్వీసు రోడ్డు లేని చోట, యూటర్న్ కోసం రెండు కిలోమీటర్లు పోవడం ఇష్టంలేని బైకు ఎదురు వరుసలో వస్తుంది. పంట చేతికొచ్చే రోజుల్లో ఒక వరుస కల్లం అవుతుంది. ఉలవ కట్టె పరుస్తారు, బండ్ల చక్రాల కింద అదే నలుగుతుందని. మా అమ్మమ్మ ఊళ్లోనూ అలాగే చేసేవాళ్లు కాబట్టి తిట్టడానికి నోరు రాదు. ట్రాక్టరు ట్రాలీకి వెనక దీపం ఉండదు. ఇక చెడిపోయి ఆగిన లారీ. దాని వెనక పది అడుగుల దూరంలో రెండు రాళ్లు, ఒక వేపకొమ్మ. అదే హెచ్చరిక బోర్డు. మరమ్మతు అయ్యాక లారీ వెళ్లిపోతుంది, రాళ్లు అక్కడే ఉంటాయి. కొమ్మ ఎండిపోతుంది. మూడో రోజు రాత్రి ఆ రాళ్ల మీదికి ఎవరు వస్తారో వాళ్ల అదృష్టం.

రాత్రి సంగతి విడిగా చెప్పాలి. 2021 ఫిబ్రవరి 14న వెల్దుర్తి దగ్గర ఒక చిన్న బస్సు డివైడర్ దాటి అవతలి వరుసలో వస్తున్న లారీని ఢీకొంది. అజ్మీర్ బయలుదేరిన 14 మంది పోయారు. 2025 అక్టోబరు 24న చిన్నటేకూరు దగ్గర బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. ప్రమాదానికి గురై రోడ్డు మీద పడి ఉన్న ఒక మోటారు సైకిలును బస్సు ఈడ్చుకెళ్లింది. ఆ బండి నడిపిన యువకుడు అప్పటికే ప్రాణం వదిలాడు. రెండూ తెల్లవారుజామునే జరిగాయి. డిమ్ లైటు వెలుగు 50, 60 మీటర్లకు మించి పోదు. ఎదురుగా బండ్లు వస్తుంటే హైబీమ్ వేయకూడదు. 100లో ఆగడానికి 97 మీటర్లు. కనిపించే దూరం కన్నా ఆగే దూరం ఎక్కువన్నమాట. పగలు ఇచ్చిన వందను రాత్రి కూడా అలాగే ఉంచడం ఏ లెక్క ప్రకారమో నాకు చెప్పండి. చిన్నటేకూరు తర్వాతి సోమవారం ఆ చోటు దాటుతున్నప్పుడు ముందున్న బండ్లన్నీ ఏ బోర్డూ లేకుండానే నెమ్మదించాయి. నెల తిరిగేసరికి మళ్లీ మామూలే.

కాగితాలు కూడా ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం లేదు. రవాణా వాహనాల్లో వేగాన్ని 80 దగ్గర కట్టిపడేసే పరికరం, అంటే స్పీడ్ గవర్నర్, తప్పనిసరి అన్న నిబంధన 2015 నుంచి ఉంది. మూడేళ్లకు అదే ప్రభుత్వం నాలుగు వరుసల రోడ్డు మీద బస్సు 90 పోవచ్చంది. గవర్నర్ బిగించిన బస్సు 90 ఎలా పోతుంది? పోయిందంటే గవర్నర్ పీకేశారనే కదా. చట్టం ఇచ్చిన వేగాన్ని అందుకోవాలంటే చట్టం పెట్టిన పరికరాన్ని తీసేయాలి. ఇలాంటి లెక్కను మా పిల్లలెవరైనా పరీక్షలో రాస్తే సున్నా వేస్తాను.

పైస్థాయిలో ఏం జరిగిందో కూడా గుర్తుచేస్తాను. 2021లో మద్రాసు హైకోర్టు, ప్రమాదాలు పెరగడానికి అతివేగమే ప్రధాన కారణమంటూ 2018 నోటిఫికేషన్‌ను కొట్టివేసి, 2014 నాటి పరిమితులకు తగ్గట్టు కొత్తది ఇమ్మంది. ఆ కొద్ది వారాలకే, అదే ఏడాది అక్టోబరులో, కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ ఎక్స్‌ప్రెస్‌వేల మీద 140 ఉండాలన్నది తన అభిప్రాయమని, నాలుగు వరుసల రోడ్ల మీద కనీసం 100 ఉండాలని, పార్లమెంటులో బిల్లు తెస్తామని అన్నారు. కోర్టు కిందికి లాగింది, మంత్రి పైకి చూపించారు. మా బోర్డు మాత్రం ఆ రెండు మాటలూ వినకుండా ఎండలో అలాగే నిలబడింది. పెంచినప్పుడూ మారలేదు, కొట్టేసినప్పుడూ మారలేదు. పెంచడం మంచిదా, తగ్గించడం మంచిదా అన్న వాదన మీరూ మేమూ ఎంతకాలమైనా చేసుకోవచ్చు. ఏ నిర్ణయమైనా గుంజ దాకా రావడానికి ఎన్నేళ్లు పడుతుందన్నదే నా గొడవ.

చేతకాని పని కూడా కాదు. ఏటా ఏప్రిల్ 1న టోల్ రేట్లు మారతాయి. మార్చి 31 రాత్రి కాసేపల్లి టోల్‌గేటు మీదుగా వెళ్లినవాడు ఒక రేటు కడతాడు, అర్ధరాత్రి దాటాక అమకతాడు టోల్‌గేటు చేరినవాడు కొత్త రేటు కడతాడు. ఆ బోర్డు మీద పాత అంకె ఒక్క పూట కూడా మిగలదు. కంప్యూటరూ ఆ అర్ధరాత్రే మారుతుంది. అక్కడ స్టిక్కరు చిరగడం నేనెప్పుడూ చూడలేదు. ఐర్లండ్‌లో 2005 జనవరి 20న దేశం మొత్తం వేగ పరిమితులను మైళ్ల నుంచి కిలోమీటర్లకు మార్చారు. తేదీ ముందే ప్రకటించి, బోర్డులు ముందే సిద్ధం చేసుకుని, ఆ రోజు నుంచి కొత్త అంకెలు అమలు చేశారు. అంత దూరం ఎందుకు, 2026 జనవరిలో మన పుట్టపర్తి దగ్గరే, బెంగళూరు–కడప–విజయవాడ కారిడార్ పనుల్లో, 24 గంటల్లో దాదాపు 29 లేన్ కిలోమీటర్ల, అంటే ఒక్కో వరుసను విడిగా లెక్కిస్తే అన్ని కిలోమీటర్ల, తారు వేసి గిన్నిస్ రికార్డు కొట్టారు. చదివి నాకూ గర్వంగానే అనిపించింది. ఒక్క రోజులో అంత తారు పరచగలిగిన దేశంలో ఒక రేకు మీద అంకె మార్చడానికి ఏళ్లు పడుతుందంటే నమ్మమంటారా?

ఆ కారిడార్ గురించి ఒక్క మాట. అది ఊళ్ల మధ్య నుంచి పోయే రోడ్డు కాదు, ఎక్కేచోటా దిగేచోటా తప్ప మధ్యలో ఎవరూ చొరబడని రోడ్డు. తెరిచే రోజున దాని మీద ఏ బండికి ఎంత వేగమో ఇప్పుడే తేల్చండి. రిబ్బను కత్తిరించాక ఆరు నెలలకు కమిటీ వేయకండి.

పాత దారికి వస్తే, నేను కోరేది ఒక్క రోజు పని. రోడ్డువారు ఒకరు, రవాణావారు ఒకరు, పోలీసు ఒకరు ఒకే జీపులో కూర్చోండి. వేర్వేరు జీపుల్లో వెళ్తే మళ్లీ కెమెరా మాది, అంకె మాది కాదు అంటారు. అనంతపురంలో టిఫిన్ చేసి బయలుదేరితే ప్రతి బోర్డు దగ్గరా ఆగినా రాత్రికి కర్నూలు చేరతారు. అంకె ఎంత, దాని వెనక ఉత్తర్వు ఏది, రాసుకోండి. ఉత్తర్వు దొరకని బోర్డును దింపేయండి. ఉత్తర్వు ఉన్నదాని వెనకవైపు, ఎలాగూ ఖాళీగానే ఉంది, ఉత్తర్వు నంబరూ తేదీ రాయించండి. అనుమానం ఉన్నవాడు కారు దిగి చూసుకుంటాడు. వేగం పట్టే పరికరాలకు ఏటా ధ్రువీకరణ ఉండాలని, వాటి ముందు హెచ్చరిక బోర్డు ఉండాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి. పరికరాన్ని పరీక్షించే రోజునే దాని ముందున్న అంకెను కూడా సరిచూడండి. డివైడర్ సందులు ఉన్నంతకాలం ఆ ఊళ్ల దగ్గర 50 ఉండనివ్వండి. దాని కింద చిన్న రేకు మీద ‘ముందు బడి ఉంది’ అని తెలుగులో రాయండి. కారణం చెబితే మా కాలు కాస్త మెత్తబడుతుంది. అండర్‌పాస్ కట్టి సందు మూశాక, అదే వారంలో ఆ అంకె పెంచండి. రాత్రికి వేరే అంకె పెట్టడం కుదరదంటే ఎందుకు కుదరదో చెప్పండి, వింటాను.

ఇంకా వంద మీద ఆశ పెట్టుకున్న నాలాంటి వాళ్లకు మిగిలేది ఎంతని లెక్క వేశాను. అనంతపురం నుంచి కర్నూలుకు 150 కిలోమీటర్ల లోపే. దారి పొడవునా 80కి బదులు 100 పోగలిగితే కాగితం మీద ఇరవై రెండు నిమిషాలు కలిసొస్తాయి. టోల్‌గేట్లు, ఊళ్లు, మందలు తీసేస్తే పది నిమిషాలు. ఒక టీ తాగే సమయం. దాని కోసం ఎవరి ప్రాణమూ పణం పెట్టమనను. ఆ పది నిమిషాలు ఇవ్వకపోయినా ఫరవాలేదు, ఏదో ఒక అంకె మీద నిలబడండి.

ఈ గురువారం కాలేజీలో పరీక్షల డ్యూటీ ఉంది. బయలుదేరేసరికి ఏడవుతుంది. ఆ బోర్డు దగ్గరికి వచ్చేసరికి బాగా చీకటి పడుతుంది కాబట్టి నాకు సున్నానే చూపిస్తుంది. వెనక వచ్చే లారీకి ఇండికేటర్ వేసి ఎడమ వరుసలోకి తప్పుకుని, ఎప్పటిలాగే ఎనభైలో వెళ్లిపోతాను.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ లెక్చరర్,
అనంతపురం